రికీ వేల్ తళుకుల కోటు

1987 నవంబరు 14, శనివారం. ఇంగ్లండు తూర్పు తీరాన క్లీథోర్ప్స్‌లో పొద్దుటినుంచీ సన్నటి జల్లు, సముద్రం మీంచి ఎముకలు కొరికే గాలి. నార్మన్ టాస్కర్‌ని పూడ్చిపెట్టి, తడిసిన టోపీలతో అందరూ క్లైవ్ పబ్బులో చేరారు. రికీ వేల్ అన్న పేరుతో నార్మన్ పాడిన ఒకే ఒక్క పాట, ఒకప్పుడు వారం రోజులు దేశంలో పాటల అమ్మకాల పట్టికలో ముప్పై ఎనిమిదో స్థానంలో నిలిచింది. మిగతా బతుకంతా ఆయన ఆ వారంలోనే గడిపాడు.

క్లైవ్ బల్లమీద నార్మన్ వెండి తళుకుల కోటు పరిచాడు. "పోయేముందు చెప్పాడు. అరవై మూడులో, పియర్ వంతెన మీది హాల్లో ఆ సాయంత్రం, తన వెనక డ్రమ్ము వాయించినవాళ్ళకి ఇది ఇవ్వమన్నాడు."

విల్ఫ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నార్మన్ బృందంలో డ్రమ్ము అతనిదే. ఒక గుక్క బీరు తాగి కథ అందుకున్నాడు.

"అబ్బో, ఆ సాయంత్రం! హాలు కిటకిట. పట్టనివాళ్ళు ఇసుకలో నిలబడ్డారు. అంతలో పోటొచ్చింది, మోకాళ్ళ దాకా నీళ్ళు, ఒక్కడు కదిలితే ఒట్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పోటు కూడా టిక్కెట్టు కొనుక్కుందా?" అన్నాడు క్లైవ్.

"నవ్వు, నవ్వు! పోటు ఆగిపోయిందిరా, పాట అయ్యేదాకా! దీపస్తంభం వాడు ఓడల్ని గాలికొదిలి దీపాన్ని మా వైపు తిప్పాడు. నా పుల్లలు రెండూ ఫట్టుమన్నాయి. అలలో ఎగిరొచ్చిన రెండు చేపలు పట్టుకుని వాయించేశాను! నార్మన్ వెనక్కి తిరిగి, 'విల్ఫూ, తాళం తప్పలేదురా' అన్నాడు."

"అనలేదు," అంది మూల కూర్చున్న నార్మన్ చెల్లెలు మోరీన్. "నీకప్పుడు గవదబిళ్ళలు, విల్ఫ్ బాబూ. మీ అమ్మ నిన్ను గడప దాటనివ్వలేదు. వాయించింది నేను. హాల్లో నలభైమంది, అందులో సగం వానకి దూరినవాళ్ళు."

విల్ఫ్ గ్లాసులోకి చూస్తూ, "కిటికీ తెరుచుకుని కూర్చున్నాను మోరీన్," అన్నాడు. "గాలి ఇటే వీచింది. మొత్తం వినిపించింది."

"తాళం తప్పానా?"

"రెండో చరణంలో."

"అది నిజం," అంది మోరీన్.

కోటు మోరీన్‌కి వెళ్ళింది. నార్మన్ గిటారు క్లైవ్ పబ్బు గోడకెక్కింది. ఆయన ముసలి కుక్కని పక్కింటావిడ తీసుకుంది. విల్ఫ్‌కి ఏమీ దక్కలేదు. పాటైనా మిగిలిందిగా అంటారేమో, దాని హక్కులూ లండన్‌లో ఎవరి దగ్గరో ఉన్నాయి.