పై బల్ల మీది అతిథి

రష్యాలో, ఉత్తర ఉరల్ కొండల దిగువన, నది ఒడ్డున, ఒక ఆవిరిస్నానాల గది. బయట జనవరి. వేడి ఎక్కువగా తగిలే పై బల్ల మీద పట్నంనుంచి వచ్చిన గెర్మన్ ఎద్వార్దొవిచ్. అతిథి వీపు మీద కొట్టడానికి బర్చ్ చెట్టు కొమ్మల కట్ట పట్టుకుని ఎర్మొలాయ్.

"మెల్లగా కొట్టవోయ్ ఎర్మొలాయ్. అది వీపనుకున్నావా, డోలనుకున్నావా?"

"కొట్టడం కాదండీ, మర్యాద. వీపు మోగకపోతే అతిథికి అవమానం. ఇంకో చెంబు నీళ్లు పోస్తున్నా కాలిన రాళ్ల మీద."

"చాలయ్యా, చాలు. ఊపిరాడట్లేదు. నేను దిగుతా."

"దిగితే దిగండి. పై బల్ల మీంచి ముందు దిగిపోయినవాడితో మా ఊళ్లో ఎవరూ బేరమాడరు. తమరు ఒడ్డున భూమి కోసమే కదా వచ్చింది?"

"అవును. హోటల్ కడతాం. మీ కుర్రాళ్లకి ఉద్యోగాలు..."

"మా కాగితం మిల్లు కొన్నప్పుడూ తమరు ఇదే చెప్పారు. ఆ తర్వాత మిషన్లన్నీ విప్పి తుక్కు కింద అమ్మేశారు. మా కాగితం మిల్లు కాగితాల్లోనే మిగిలింది."

"అప్పట్లో దేశమంతా అలాగే..."

"దేశం సంగతి దేశం చూసుకుంటుంది. మిల్లు బాయిలర్ సంగతి చెప్పండి. దాని వేడినీళ్లే గొట్టాల్లో ఇంటింటికీ వచ్చేవి. ఆ బాయిలర్ ఆపిన గొట్టంగాడు ఎవరు?"

"మాటలు జాగ్రత్త."

"నోరు జారిందండీ. ఆవిరికి అన్నీ జారతాయి. బోర్లా తిరగండి."

"అది మునిసిపాలిటీ చూసుకోవాల్సింది. నాకేం సంబంధం?"

"మీ ఆఫీసు ముందు మంచులో నిలబడి వేడుకున్నాం. ఎంత వేడుకున్నా వేడి రాలేదు. చలికి మేం వణికాం, మీరు చలించలేదు."

"ఆ రోజు నేను ఊళ్లో లేను."

"కిటికీ తెర కదిలింది."

"గాలికేమో."

"మూసిన కిటికీకి లోపల గాలా?"

"...చూడు, మీ నాన్న పోయాడని విన్నాను. పెద్దాయన, వయసైపోయింది..."

"పేరు చెప్పండి."

"ఏమిటి?"

"పాతికేళ్లు ఆ బాయిలర్ మండించాడు. ఆయన పేరు."

"సె... సెమ్యోన్?"

"ఇంకో చెంబు."

"ఆగు, ఆగు. సవేలీ. సవేలీ."

"సవేలీ ఎలా పోయాడు?"

"...చలికి."

"ఎక్కడ?"

"ఇంట్లో. తన ఇంట్లోనే. ఇక తలుపు తియ్యి."

"ఆవిరిగది తలుపుకి గడియ ఉండదండీ. వెళ్లండి."

"...ఎర్మొలాయ్. ముందుగదిలో నా బట్టలేవి? నా బొచ్చుకోటు? బూట్లు?"

"పొయ్యి నోరు ఆ గదిలోనే కదండీ. మా ఆవిడ దాన్ని పస్తుంచదు. చేతికందిందల్లా అందులో పెట్టేస్తుంది."

"నా డ్రైవర్ని పిలువు."

"కోస్త్యాది ఈ ఊరేనండీ. ఎప్పుడూ అడగలేదా? కారేసుకుని వాళ్లమ్మని చూడ్డానికి వెళ్లాడు."

"ఒళ్లంతా తడిగా ఉంది. ఈ చలిలో బయటికెళ్తే చచ్చిపోతానయ్యా."

"అబ్బే, అంత పాపం మాకెందుకు? మూల కొక్కేనికి మా నాన్న దూది కోటుంది. కింద ఫెల్టు బూట్లున్నాయి. తొడుక్కుంటే బస్సు దగ్గరికి నడిచెళ్లిపోవచ్చు."

"ఇదా? ఇది ముందంతా చిరిగిపోయి ఉంది. బొత్తాలే లేవు."

"ఆయన ఒంటి మీదే గడ్డకట్టిపోతే కత్తితో కోసి తీశామండీ. చేత్తో మూసి పట్టుకుని నడవండి."