తెర మీది ఖాళీ

ఒడ్డు చివర రేకుల గది. కాంతిని పైకి పంపి గాలి వేగం కొలిచే లైడార్ తెర ముందు అక్క, ఆమె వెనక తమ్ముడు. ఆమె భర్త రేవులో, క్రేన్ పైనున్న క్యాబిన్‌లో పనిలో ఉన్నాడు. బల్ల మీద వాకీటాకీ.

"మరి ఈ ఖాళీ ఏంట్రా?"

"ఏ ఖాళీ?"

"కళ్ళెదురుగా పెట్టుకుని ఏ ఖాళీ అంటావేం? రెండొందల మీటర్ల దాకా గాలి కనిపిస్తోంది. ఆ పైన అంతా తెలుపే."

"మబ్బేమో అక్కా. లైడార్ కాంతి మబ్బు దాటి పోలేదుగా."

"కిటికీలోంచి చూడు. ఎక్కడ మబ్బు?"

"అయితే అద్దం మీద ఉప్పు పేరుకుందేమో."

"పొద్దున తుడిచావుగా?"

"తుడిచా. తుడిచాననే అనుకుంటా."

"నా మొహం చూసి చెప్పు."

"...మరీ ఎక్కువ చూపించే కొలతల్ని తప్పుల కింద తీసెయ్యమని పెట్టా."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదు. గాలొస్తోందని బావని రెండుసార్లు కిందికి దింపావు. రెండుసార్లూ ఏమీ రాలేదు. అందరి ముందూ నిన్ను గాలమ్మగారూ అన్నాడు. నువ్వూ నవ్వావు. ఆ నవ్వు నేను చూడలేకపోయానక్కా."

"తీసెయ్. ముందా హద్దు తీసెయ్."

"తీశా. అమ్మో... ఈ ఎరుపంతా ఏంటి?"

"గాలి. ఇంతసేపూ మన నెత్తి మీదే ఉంది."

"కిందికి దిగుతోందా?"

"చూస్తున్నావుగా. నూట యాభైకి వచ్చేసింది."

"బావ క్యాబిన్ అరవైలో ఉంది. పిలువక్కా. ఏం ఆలోచిస్తున్నావ్?"

"ఈసారీ ఉత్తదే అయితే?"

"అక్కా!"

"ఏమండీ, దిగండి. వెంటనే దిగిపోండి. వినిపించిందా? ఏమండీ?"

"పలకడేం?"

"పలకరు. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం చేసేవారు. ఇవాళ అదీ లేదు."

"ఇక్కడ చూస్తే కర్టెన్ కూడా కదలట్లేదు. నమ్మి ఉండడు. అక్కా, వందకి వచ్చేసింది!"

"ఇంత తొందరగానా? దిగడానికే పది నిమిషాలు పడుతుందిరా. ఆ నిచ్చెనకి చాటు కూడా లేదు."

"అంటే లోపలుండటమే మేలా?"

"మేలే. నా మాట వినే మనిషి కాదు గనక బతికిపోయాం. ఏమండీ, దిగొద్దు! తలుపు గడియేసుకుని లోపలే కూర్చోండి. దిగొద్దు!"

"ఇప్పుడా చెప్పేది? ఈసారైనా నిన్ను నవ్వులపాలు చెయ్యకూడదని, నువ్వు దిగమనగానే మారుమాట్లాడకుండా బయటికొచ్చేశానే. నిచ్చెన మీదున్నా."