సుమిత్ర పాట మీద నా మాట

"అమ్మమ్మా, కొత్త పాటలు ఇని బాగుందో నేదో అత్త పోనులో సెప్పీదానివి కదా. నా కాలేజీలో కూడా నీ ఈడియోలు సూసీవోరు. ఎందుకు మానీసినావు?"

ఎందుకు మానీసినానా? కూకో ముందు. ఆ మిరియాల సేట ఇలగ జరుపు, కాడలు తీస్తా సెప్తాను. సేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు. ఏటది, పోను అలగ గోడకి నిలబెట్టినావు? రికార్డు అవుతోందా? అవనీలే. ఈ రోజు అవనీ. గానీ మీ మావ జి.మాడుగుల సంత నుంచి ఒచ్చీలోపల అయిపోవాల. ఆడుంటే నన్ను సెప్పనివ్వడు. ఆడిప్పుడు ఊరి పెద్దల్లో కూకుంటన్నాడు కదా, నా కొడుకైనా సరే.

నువ్వప్పుడు ఆస్టల్లో ఉన్నావు, సిట్టీ, నీకు తెల్దు. నాలుగేళ్ళయింది. మూడేమో. కాదు నాలుగే, మన నల్ల మేక ఈనిన ఏడు. కాఫీ గింజలు ఎండేసినాం, నాను కళ్ళంలో కోళ్ళు తోల్తా కూకున్నాను. మీ అత్త భాను ఒచ్చి నా సెవుల్లో ఆ వైర్లు దోపీసి, "సినిమా పాట అత్తా, కొత్తది, ఎలాగుందో సెప్పు" అంది. ఇన్నాను. ఎవలో గుంట, మొగుడు ఒగ్గీసి పోయినాడని పాట. "ఏడుస్తంది గానీ ముక్కు సీదకుండా ఏడుస్తంది, దీనికి మొగుడు పోనేదు" అన్నాను. భాను పడీ పడీ నవ్వింది. నాకు తెలీకుండా అది పోనులో పట్టి ఎట్టీసింది. మర్నాటికి ఊరూరా అదే.

ఇంక అక్కడి నుంచి ఏ ఆల్బమొచ్చినా నాకే. వైజాగు గుంటడొకడు, పాట కాదు, మాటలే గబగబా కొట్టీడం, రాపంటారట. అది బాగుందన్నాను. మా మేనత్త సేలో మేకలు పడితే అలగే తిట్టీది, ఊపిరి ఎప్పుడు తీసీదో ఎవలికీ తెల్దు. సర్చి పాటల ఆల్బమొకటి తెచ్చింది. గొంతు బంగారం, గానీ వాయిద్యాలొచ్చి గొంతు మీద కూకున్నాయి. "దేవుడికి ఇనపడొద్దేటి" అన్నాను. పాస్టరు గారు పోను సేసి మరీ నవ్వినారు. మంచోడాయన.

మా రోజుల్లో పాట దొరకడమే కష్టం కదా. మీ తాత ఒకపాలి అడ్డెడు పసుపు ఇచ్చి సంతలో క్యాసెట్టు కొన్నాడు. అడ్డ అంటే తెలుసునా నీకు, ఆ కర్ర కొలపాత్ర, గూట్లో ఉంటాది సూడు. అంత పసుపిచ్చి క్యాసెట్టు తెచ్చినాడు, మాకు టేపు నేదు. రెండేళ్ళు ఆ క్యాసెట్టుని గూట్లో ఎట్టుకుని సూసినాం. నవ్వకు. నిజం.

ఏటి సెప్తన్నాను? ఆ. అలగ నా మాటకి ఇలువొచ్చింది. గూడెం కొత్తవీధి నుంచి, సీలేరు నుంచి కూడా ఎవలెవలో అడిగీవోరు, కొండమ్మ ఏటంది, కొండమ్మ బాగుందందా అని. నాకూ కళ్ళు నెత్తికెక్కినాయి, అబద్ధమాడ్డం ఎందుకు. సగమినీసరికే తెలిసిపోతాదనీదాన్ని. "అన్నం ఉడికిందో నేదో ఒక మెతుకు సాలు" అనీదాన్ని. పెద్ద తెలిసినదానిలాగ.

అప్పుడొచ్చిందది. డీజే ఆల్బమంట. మీద ఎవలి పేరూ నేదు, డీజే ఓడి పేరే ఉంది. మోత, మోత, గుండెలో గుద్దినట్టు. ఆ మోత లోంచి ఒక ఆడగొంతు, మిషనులో పెట్టి పలసన సేసీసినారు, దారం లాగుంది. ఆ గొంతు ఎత్తుకున్న మాట ఇన్నాను నాను.

సాగనంపే పాట సిట్టీ అది. మనూళ్ళో పీనుగుని లేపీటప్పుడు ఆడోళ్ళం పాడీది. నువ్వినుంటావు, మీ తాతప్పుడు, సిన్నదానివి. ఆ పాట సావు లేని ఇంట్లో పాడకూడదు, కూనిరాగం కూడా తియ్యకూడదు. నేర్పకూడదు. మరెలాగ ఒస్తాదంటే, సావు కాడ పెద్దోళ్ళ యెనకాల నిలబడి ఇని ఇని నేర్సుకోవాల. నాకు అలగే వొచ్చింది, మా అమ్మకీ అలగే. సావు లేనిసోట పాడితే సావు దారి తెలుసుకుని ఒస్తాదని మా దిసారి సెప్తాడు, పూజలు సేసీ పెద్దాయన, నీకు తెలుసు కదా.

అలాంటి పాటకి పోను బొమ్మలో ఎవలో ఎగురుతున్నారు. నాకు కోపం ఆగనేదు. సెవుల్లో వైర్లు పీకి నేలకి కొట్టినాను. భాను పోను పట్టుకునే ఉంది. "ఈ పాట పాడిన గొంతు మనూళ్ళో అడుగెట్టకూడదు" అనీసినాను. ఒకపాలి కాదు, రెండుపాలులు. భాను ఎట్టీసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ, అంటారు కదా, అదే.

వారం రోజులకి తెలిసింది, అది సుమిత్ర.

మా సెల్లి మనవరాలు సుమిత్ర తెలుసు కదా నీకు, నీకు అక్క వరస. వైజాగులో బట్టల కొట్లో పని సేస్తా పాటలు పాడీది. మా సెల్లి పోయాక ఆ గుంట నా ఒళ్ళోనే పెరిగింది. దాని గొంతు నాను పట్టలేకపోనాను. వాళ్ళమ్మ ఇని పట్టింది, ఇని నోరు మూసుకుంది పాపం. గానీ అలాంటిది దాగుతాదేటి.

ఇటికల పండగకని వచ్చింది సుమిత్ర, దానికేటీ తెల్దు. ఆటో ఊరి మొదట్లో కల్వర్టు కాడ ఆపీసినారు. అంతకి నాల్రోజుల ముందే ఊళ్ళో ఒక ముసలాయన పోయినాడు, ఊపిరితిత్తుల జబ్బు, రెండేళ్ళ నుంచి మంచం మీదే. గానీ పాట వల్లే అన్నారు. నన్నూ పిలిసినారు, మరి మాట నాది కదా. ఎల్లినాను. పెద్దలు కూకున్నారు, మీ మావ కొత్తగా వాళ్ళలో సేరినాడు. సుమిత్ర సంచి సంకకి ఏసుకుని కల్వర్టు మీద నిలబడింది. ఎండ.

దిసారి అడిగినాడు, "ఈ పాట నువ్వు సావు కాడ నేర్సుకోనేదు, నువ్వున్నది వైజాగులో. నీకెవలు నేర్పినారు? పాడినోళ్ళదెంత తప్పో నేర్పినోళ్ళదీ అంతే. సెప్పు" అని.

అది నా ఏపు సూసింది. ఒక్కపాలి. మళ్ళీ కిందికి సూసింది.

నేర్పింది నానే, సిట్టీ.

ఊరుకో, ఆపకు పోను. ఉండనీ. అంతకి రెండేళ్ళ ముందు నాకు జొరమొచ్చింది, పాడేరు ఆసుపత్రిలో పదిరోజులున్నాను. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. ఆ పాట మొత్తం వొచ్చినోళ్ళు ఊళ్ళో నానొక్కదాన్నే మిగిలినాను. నన్ను ఎవలు సాగనంపుతారు? మేళం పెట్టి పెట్టెలో పాట ఏస్తారేటి? సుమిత్ర నన్ను సూడ్డానికొచ్చింది. మీ అత్తా మావా సేలోకి ఎల్లినారు. తలుపేసి, నా నోటికి కొంగడ్డం పెట్టుకుని, దాని సెవిలో నేర్పినాను. వొద్దు అమ్మమ్మా వొద్దు అని ఏడిసింది. నా సావు కాడ తప్ప ఎక్కడా సాగనంపనని ఒట్టేయించుకున్నాను, అందుకే ఆ డీజే గొంతు దానిదని నాకు తట్టనేదు. సావు లేని ఇంట్లో నేర్పిన దొంగని నానే.

మరప్పుడు కల్వర్టు కాడ నాను సెప్పాల కదా. సెప్పనేదు. తేలు కుట్టిన దొంగలాగ నిలబడిపోనాను. సెప్తే మనింటి మీద తప్పు పడతాది, తప్పు కట్టీదాకా నీళ్ళకి రానివ్వరు, కాఫీ కోతకి ఒక్క మనిషి రాడు, కొడుకు పెద్దల్లోంచి లెగిసి రావాల. ఇవన్నీ అనుకున్నాను. గానీ అసలుకి అది కాదు. అంత మంది ముందు కొండమ్మ మాట ఎనక్కి తీసుకోడం నాకు సిగ్గయింది. అదీ నిజం.

సుమిత్ర ఎవలి పేరూ సెప్పనేదు. ఆటో ఎక్కి ఎల్లిపోనాది. వాళ్ళమ్మకి తెచ్చిన సీర సంచిలోనే ఉండిపోయింది. మూడేళ్ళు, మళ్ళీ అడుగెట్టనేదు. నానూ ఇంక ఏ పాటకీ బాగుందీ బాగోనేదూ అన్నేదు. ఏ మొకమెట్టుకుని అంటాను?

ఇప్పుడెందుకు సెప్తన్నానంటే, మొన్న కళ్ళు సూపించుకోడానికి పాడేరు ఎల్లినాను కదా. జీపులో డ్రైవరు అదే పాటేసినాడు. దిగిపోదామంటే ఘాటీ మలుపులు, ఎక్కడ దిగుతాను. సెవులు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకుంటాను, సెయ్యి నొప్పెట్టింది, ఒగ్గీసినాను. మొత్తం ఇన్నాను. మొదటిపాలి, మొత్తం.

ఆ పాటకి ఆఖర్న ఒక సరణం ఉంటాది. సచ్చినోళ్ళని పేరెట్టి పిలిసి, ఇల్లు ఒగ్గు, దారి పట్టు అని సెప్పీ సరణం. అదే సాగనంపడం. అది నేకపోతే మిగతాదంతా ఉత్త ఏడుపే, ఎవలైనా ఏడవొచ్చు. ఆ సరణం కాడికొచ్చీసరికి సుమిత్ర ఆపీసింది. ఆ డీజే మోత కూడా ఆపించీసింది. తుడుం డప్పు ఒక్కటే మోగింది, పేరు పిలవాల్సిన సోట మాట నేదు. తుడుం మోగి మోగి ఆగిపోయింది.

అది పాడనేదు, సిట్టీ. నాను పెట్టిన ఒట్టు నిలబెట్టింది. ఆ సరణం నాకోసం దాసింది. నాను సగమిని వైర్లు పీకీసినాను.

అందుకని ఇది రాసుకో, కాదు, రికార్డవుతోంది కదా. ఇది ఆ ఆల్బం మీద నా మాట. డబ్బాల మోత ఎక్కువైంది, అది బాగోనేదు. గొంతుని అలగ దారం సేసీడం బాగోనేదు, దాని గొంతు అంతకన్నా నిండుగుంటాది. పాట బాగుంది. ఎక్కడ ఆపాలో తెలిసినోళ్ళు పాడినారు. ఆ పాట నేర్పింది నాను, కొండమ్మని. తప్పు నాది, కట్టీది నాను. మేకైతే మేక, భోజనాలైతే భోజనాలు.

రేపు పెద్దలు కూకుంటన్నారు. సుమిత్ర వాళ్ళమ్మ అడిగిందట, ఈ పండగకైనా పిల్లని రానిమ్మని. మీ మావకి ముందు సెప్తే ఇల్లేమవుతాదని నా కాళ్ళు పట్టుకుంటాడు, నాను మళ్ళీ నోరు మూస్తాను, నన్ను నాను ఎరుగుదును. అందుకే ఆడొచ్చీలోపల పంపీమంటన్నాను. మీ అత్త అప్పుడెక్కడెట్టిందో అక్కడే ఎట్టు. అదెంతదూరం ఎల్లిందో ఇదీ అంతదూరం ఎల్లాల.

ఆగు. ముందు సుమిత్రకి పంపు. మిగతావోళ్ళకి తర్వాత.

నన్ను సాగనంపడానికి రమ్మన్నేదని సెప్పు దానికి. అది ఎప్పుడో అప్పుడు ఎలాగూ ఉంటాది. పండక్కి రమ్మను. థింసా ఆటలో నా ఎడం పక్క ఆ గుంట సెయ్యే పట్టుకునీదాన్ని, మూడేళ్ళ నుంచి ఆ పక్క ఎవలినీ నిలబడనివ్వనేదు.

నొక్కినావా? ఎల్లిందేటి? నీ సెయ్యి సల్లగుండాలమ్మా, నూరేళ్ళు... అదుగో, జీపు సప్పుడు. మీ మావే. సేట తీసుకో, లోపలికెల్లి టీ ఎట్టు. నాను సెప్పుకుంటాను.