పైపు పొగకి దిగిన విమానం

టీకొట్టు బల్ల మీద కండక్టరు కూర్చున్నాడంటే పక్కనున్న దర్జీ షాపులో మిషను నెమ్మదించాల్సిందే. రిటైరై ఇన్నేళ్లయినా ఆ గొంతు ఇంకా బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతే. దర్జీ ఆయనకి స్వయానా బావమరిది. ఆ సాయంత్రం ఎవరిదో చొక్కాకి కాలరు కుడుతూ ఒక చెవి అటు వేసి ఉంచాడు.

"ఇదిగో, దీన్ని చూడండ్రా," అంటూ బావ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో నీలంగా నిగనిగలాడుతూ పొగతాగే మట్టి పైపు ఉంది.

ఈ పైపుల పిచ్చి దర్జీకి కొత్త కాదు. డాక్టరు ఎక్స్‌రే చూపించి సిగరెట్లు మాన్పించిన దగ్గర్నుంచి బావ చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పెరట్లో పాత డ్రమ్ము లోపల ఇటుకలు పేర్చి బట్టీ కట్టాడు. బంకమట్టితో పైపులు చేసి కాల్చి అలమరలో పెట్టుకుని మురిసిపోతున్నాడు. చూసుకోవడమే గానీ నోట్లో పెట్టకూడదని అక్క షరతు. అంతకుముందు ఒకసారి దొంగచాటుగా సిగరెట్ తాగి దొరికిపోతే, అక్క పెట్టె సర్దుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. దర్జీయే పరిగెత్తి, "ఇకనుంచి బావకి పూచీ నాదక్కా," అని బతిమాలి తీసుకొచ్చాడు. "ఈసారి తాగాడో, ఆయన మొహమే కాదు, నీ మొహం కూడా చూడను," అంది అక్క.

"నేనూ మొదట మామూలు పైపే అనుకున్నా," బావ ఎత్తుకున్నాడు. "వెనక వీధిలో పునాదులు తవ్వుతుంటే దొరికిన మట్టి, వెన్నలా ఉంది, తెచ్చి పిసికి, పచ్చిగా ఉన్నప్పుడే తీగ గుచ్చి బెజ్జం పెట్టి, నీడన ఆరబెట్టి, గాజుపూత పూసి కాల్చా. చల్లారింది. ఎలా కుదిరిందో చూద్దామని చిటికెడు పొగాకు వేసి, ఒక్కటంటే ఒక్క దమ్ము లాగా..."

దర్జీ కాలు పెడలు మీద బిగుసుకుపోయింది. దమ్ము లాగాడా!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున్న అంటించింది మధ్యాహ్నం భోజనానికి లేచినా ఆరలేదు. తిని, ఒక కునుకు తీసి లేచా. ఇంకా మండుతోంది!"

"పొగాకేనా, బొగ్గేశారా?" అన్నాడు లారీ మెకానిక్.

"నువ్వుండవయ్యా! అప్పుడు ఓ పొగ ఉంగరం వదిలా. సైకిలు చక్రమంత ఉంది. పెరట్లోకి పోయి గాల్లో అలా నిలబడిపోయింది. తీగ మీద చోటు లేక నా తడి బనీను దాని మీదే ఆరేశా. ఎండేదాకా కదిలితే ఒట్టు!"

"క్లిప్పు పెట్టారా గురువుగారూ?" అన్నాడు టీకొట్టతను.

అందరూ విరగబడి నవ్వారు. దర్జీకి నవ్వు రాలేదు. నిన్న బావ లవంగాలు నములుతూ కనిపించాడు. ఏంటని అడిగితే పన్నునొప్పి అన్నాడు. పన్నునొప్పా, వాసన కప్పెట్టుకోవడమా? అంతలో మందుల షాపు వైపు నుంచి అక్క వస్తూ కనిపించింది. దర్జీ గుమ్మంలోకొచ్చి బావకి కళ్లతో సైగ చేశాడు, దగ్గాడు, కత్తెర ఊపాడు. తన కథకి బావమరిది కూడా ఊగిపోతున్నాడనుకుని బావ ఇంకా రెచ్చిపోయాడు.

"రెండో దమ్ముకి వీధంతా పొగ! మిట్టమధ్యాహ్నం వీధి దీపాలు వేశారు, కోళ్లు గూట్లో దూరాయి. మూడో దమ్ము లాగా. పైన విమానం! పైలట్టుకి కింద ఏమీ కనపడట్లేదు, ఒక్క నా పైపులో నిప్పు తప్ప. దాన్ని చూసి, ఇక్కడే దిగాలి కాబోలనుకుని దింపేశాడు! ఎక్కడ? కూరల మార్కెట్ రోడ్డు మీద! జనం దిగుతున్నారు, నేనేమో అలవాటు కొద్దీ 'జరగండి, ముందుకి జరగండి' అంటున్నా. పైలట్టు తిన్నగా నా దగ్గరికొచ్చి, టోపీ తీసి..."

"మొత్తం ఎన్ని దమ్ములు లాగారేంటి?"

వెనక అక్క నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. టీకొట్టతను పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. అక్క చేతిలో పొట్లం బల్ల మీద పెట్టింది.

"మీ దగ్గు మందు. రేపట్నుంచి మీరే తెచ్చుకోండి." తమ్ముడి వైపు తిరిగింది. "పూచీ అన్నావు కదరా."

బావ ఒకసారి జనాన్నీ, ఒకసారి పెళ్లాన్నీ చూశాడు. "అది కాదే... అంతా కోతలే! ఉంగరం లేదు, విమానం లేదు, అసలు దమ్మే లేదు."

"విమానం లేదని నాకూ తెలుసు," అంది అక్క. "దమ్ము లేదంటే ఎలా నమ్మను?"

దర్జీ చటుక్కున పైపు లాక్కుని వాసన చూశాడు. మట్టి వాసన. తన చొక్కా కాలరుకి గుచ్చుకున్న సూది తీసి పైపు కొసలోకి దూర్చాడు. గోరంత దూరం పోయి టక్కున ఆగింది. నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పిసరంత కూడా అవతలికి పోలేదు.

"బావా, దీనికి గాలే ఆడట్లేదు!"

"ఏంటీ!" బావ ఎగిరి లేచాడు. అక్కడున్న అందరి దిగ్భ్రాంతీ ఒక ఎత్తు, ఆయనది ఒక ఎత్తు. పైపు లాక్కుని, తనూ ఊది, దీపానికి ఎత్తిపట్టి చూశాడు. "అయ్యో, పూత కరిగి బెజ్జంలోకి కారి గడ్డకట్టిందిరా! అన్నిటికన్నా మంచి పైపు ఇది!"

"గురువుగారూ," మెకానిక్ నెమ్మదిగా అడిగాడు, "అంటే ఇన్నాళ్లలో దీన్ని ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదా?"

"పెట్టుకుంటే ఊరుకుంటుందా?" అన్నాడు బావ, గడ్డంతో అక్కని చూపిస్తూ.

టీకొట్టు గొల్లుమంది. "మరి ఆ లవంగాలు?" అన్నాడు దర్జీ. "పన్నునొప్పని చెప్పి చచ్చాను కదరా!" అని కసిరాడు బావ. దర్జీకి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. వెళ్లి మిషను ముందు కూలబడ్డాడు.

అక్క దగ్గు మందు పొట్లం మళ్లీ చేతిలోకి తీసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, బల్ల చివర కూర్చుంది.

"నాకూ ఓ టీ ఇవ్వు బాబూ," అని, మొగుడి వైపు తిరిగింది. "ఊఁ, చెప్పండి. టోపీ తీసి ఏమన్నాడు ఆ పైలట్టు?"