గాలిగొట్టంలోంచి

బాదకు, వెండెల్! కర్రతో అలా నేల బాదితే మోటారు తిరుగుతుందా? నేలమాళిగలోనే ఉన్నా. వింటున్నావుగా, ఈ గాలిగొట్టంలోంచి నా మాట నీ మంచం దాకా వస్తుంది.

అబ్బ, చలికి వేళ్ళు వంగట్లేదు. ఇంట్లో కూర్చుని నోట్లోంచి పొగ వదులుతున్నానంటే చూసుకో! ఇల్లు వెచ్చబెట్టే ఈ ఫర్నేసులో మంట వెలుగుతుంది, మోటారు ఊఁ అని మూలుగుతుంది, ఫ్యాను మాత్రం కదలదు. వేడి పైకి రాదు. కాసేపటికి మంటా ఆరిపోతుంది.

ఇన్ని చలికాలాలూ ఏం చేశావయ్యా మహానుభావా? విరిగిన హాకీ కర్రతో ఫ్యాన్ని ఒక్క తోపు తోసేవాడివి. తిరిగేది. "చూశావా ఆర్డిస్, మెకానిక్కెందుకు దండగ!" అని గొప్పలు. మోటారుకి మొదటి ఊపునిచ్చే కెపాసిటర్ పోయిందని నీకు తెలీదా? తెలుసు. మార్చలేదు. పక్షవాతంతో నువ్వు మంచాన పడ్డాక ఆ తోపుడు పని నాకొచ్చింది. ఇవాళ తోసినా తిరగట్లేదు. అందుకే కొత్త కెపాసిటర్ తెచ్చా.

కరెంటు ఆపేశా. ఆపేశాలే! పాతదాంట్లో ఇంకా కరెంటు దాక్కుని ఉంటుందట. ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు రెండు కొనలకీ ఆనించాలట... అమ్మో! టప్‌మంది. బతికే ఉన్నాలే, కొట్టకు.

దీని పొట్ట ఎంత ఉబ్బిందో! ఇదిగో, ఈ తీగ ఇక్కడ. అది అక్కడ. పట్టీ బిగించా. అయింది.

కాసేపట్లో నిన్ను చూడ్డానికి కౌంటీ సర్కారు నర్సు లోర్నా వస్తుంది. ఇల్లు ఇలా గడ్డకట్టుకుపోతే నిన్ను తీసుకెళ్ళిపోతానంది కదా, అదేగా నీ కంగారు?

నిన్న నిన్ను కుర్చీలోంచి లేపబోయి ఇద్దరం పడ్డాం. నువ్వు నా చెయ్యి మీద. నాకు లేవాలనిపించలేదు వెండెల్. ఇలాగే ఇద్దరం పోతే పోనీ అనుకున్నా. తర్వాత నన్ను చూసి నాకే భయమేసింది.

స్విచ్ వేస్తున్నా... తిరిగింది! దేవుడా, తిరిగింది! వెచ్చగా వస్తోందా? ఆ, నీ కర్ర చప్పుడు విన్నా, విన్నా. సంతోషమేగా? ఇంక లోర్నా నిన్ను బలవంతంగా తీసుకెళ్ళలేదు.

కానీ ఒకటి చెప్పాలి. ఆకులు రాలేటప్పుడే అడిగింది, "వృద్ధాశ్రమంలో చేర్పిద్దామా ఆర్డిస్" అని. అబ్బే, వద్దన్నా. మంచు పడ్డాక మళ్ళీ అడిగింది. ఫర్వాలేదు, నేను చూసుకుంటాలే అన్నా. మన ఊరి సంగతి నీకు తెలుసుగా? కాఫీ పోస్తామన్నా, ఇంకో కేకు ముక్క పెడతామన్నా, రెండుసార్లు వద్దనడం మర్యాద. మూడోసారి అడిగితేనే నిజంగా అడిగినట్టు.

ఇవాళ మూడోసారి అడుగుతుంది. సరే అంటాను.

చలికి తాళలేక పంపేసిందని ఊరనుకోకూడదు, నువ్వసలే అనుకోకూడదు. అందుకే ముందు ఇది బాగుచేశా. ఇల్లు వెచ్చగానే ఉంది. నేనే నిన్నింక మొయ్యలేను.