ఆమెను చంపింది గిటారు కాదు

ఇక్కడికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కృపాజ్యోతితో కలిసి ల్యాబులో పనిచేసినవాళ్లకు, ఆమె పాడిన చర్చి నుంచి వచ్చినవాళ్లకు, ముందు వరుసలో కూర్చున్న ఆమె తల్లి సాలవ్వకు నమస్కారం. ఎల్లారెడ్డిలో ఈ హాలు ఇవాళ నిండిపోయింది. బయట ఎండలో కూడా నిలబడ్డారు. మేం ఇదే హాల్లో పాటల కార్యక్రమం పెట్టినప్పుడు సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిష్ఠూరంగానే అంటున్నాను. బతికున్నప్పుడు ఆమెను వినడానికి రావలసింది.

నా పేరు జీవన్. బడిలో తెలుగు చెబుతాను. సెలవు రోజుల్లో 'మోదుగు' అనే మా బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాను. సతీశ్ గిటారు వాయిస్తాడు, పల్లవి పాడుతుంది. కృపాజ్యోతి బాస్ గిటారు వాయించేది. నలుగురం ఉండేవాళ్లం. ముగ్గురం మిగిలాం.

మిత్రులారా, మిగతా సంగతుల కంటే ముందు ఒక అబద్ధాన్ని ఇక్కడే ఆపాలి. పోయిన మంగళవారం ఆమె పోయినప్పటి నుంచి ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. "గిటారు వీపుకేసుకొని ఊర్లు తిరిగింది, ఆఖరికి ఏమైందో సూడుండ్రి" అని. "ఆడపిల్లకెందుకు గా బ్యాండు" అని. అయ్యా, వినండి. ఆ పొద్దున ఆమె ప్రాక్టీసుకు వెళ్లలేదు. కామారెడ్డిలో ల్యాబు డ్యూటీకి వెళ్లింది. ఆమె వీపు మీద గిటారు లేదు. బండి హుక్కుకు అన్నం డబ్బా తగిలించి ఉంది. నెత్తి మీద హెల్మెట్ ఉంది. తన దారిలో తాను పోతోంది. తాడ్వాయి దాటాక ఎదురుగా తప్పు వైపున లారీ వచ్చి గుద్దింది. లారీ చేసిన తప్పుకు గిటారుకు శిక్షా? క్రికెట్ ఆడే పిల్లవాడు అదే రోడ్డు మీద చనిపోతే, బ్యాటు చంపిందని ఎవరైనా అంటారా? ఆడమనిషి పోతే మాత్రం, ఆమెకు ఇష్టమైనదే ఆమెను మింగిందని ఎందుకంటాం?

ఆమెను చంపింది గిటారు కాదు. ఆమెను అంతకాలం సంతోషంగా బతికించింది ఆ గిటారు.

మేం బ్యాండు మొదలుపెట్టినప్పుడు బాస్ ఎవరికీ వద్దు. నాలుగు లావుపాటి తీగలు, లోతైన మోత. దాని మీద పాట పలకదు. జనం చూసేది పాడేవాళ్లను, ముందు నిలబడి గిటారు వాయించేవాళ్లను. బాస్ మీద ఎవరి కన్నూ పడదు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని మేం వాదులాడుకుంటుంటే, చర్చిలో పాడే ఒక అమ్మాయి వచ్చి అన్నది: "ఎవ్వరికి వద్దన్నది నాకియ్యుండ్రి. నేను వాయిస్త." అంతే. అప్పటికి ఆమెకు ఆ వాద్యాన్ని పట్టుకోవడం కూడా రాదు. నేర్చుకుంది. వేళ్లు బొబ్బలెక్కాయి, పగిలాయి, కాయలు కాశాయి. ఏడాది తిరిగేసరికి నేను డ్రమ్ మీద ఎక్కడ దెబ్బ వేస్తానో, అక్కడ నాతో పాటే ఆమె తీగ మోగేది. అన్నాచెల్లెళ్లు కూడా అంత కలిసి నడవరు.

మొదట్లో వాయించింది అరువు గిటారు. సొంతది కొనడానికి ఆమె, సతీశ్, నేను హైదరాబాదు పోయాం. దుకాణంలో ఉన్నతను మా మగవాళ్లిద్దరి వంక చూసి, ఆమెకు బొమ్మలాంటి తేలికపాటి గులాబీ రంగుది తెచ్చి ఇచ్చాడు. "మేడమ్, లేడీస్‌కు ఇది సాలు. అలుకగ ఉంటది" అన్నాడు. కృప కోప్పడలేదు. గోడకున్నవన్నీ దించమంది. అన్నిటినీ ఒకే స్పీకరు పెట్టెకు తగిలించమంది. కళ్లు మూసుకుని ఒక్కో దాని మీద ఒకే తీగను ఒక్కసారి మీటేది. ఆ మోత పూర్తిగా చచ్చిపోయేదాకా కదిలేది కాదు. తర్వాత ఇంకోటి. దుకాణదారు విసుక్కున్నాడు. సతీశ్ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఆమె ఎంచుకున్నది, ఎవరో వాడి అమ్మిన పాతది. అంచుల్లో రంగు లేచిపోయింది. బరువు కూడా ఎక్కువే. సతీశ్ మొహం మాడిపోయింది, స్టేజీ మీద పాతదానితో ఎలా నిలబడతావని. దానికి ఆమె, "ముంగట కూసున్నోళ్లు కండ్లతోని ఇంటరా అన్నా?" అంది. సతీశ్ ఇక్కడే ఉన్నాడు. అడగండి.

ఇంకో సంగతి. ఒక పెళ్లిలో జరిగింది, ఊరి పేరు చెప్పను. మేం వాయించడానికి సామాను అమర్చుకుంటుంటే ఒక పెద్దమనిషి వచ్చి, "ఆడపిల్ల గట్ల ముంగట నిలబడితె బాగుండదు, ఆ స్పీకరు డబ్బాల ఎన్కకు పంపుండ్రి" అన్నాడు. ముందు నిలబడి పాడే పల్లవి కూడా ఆడపిల్లే కదా అని అడగడం మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. కృపే అన్నది: "నన్ను ఎన్కకు పంపితె బ్యాండు ఇంటికి పోతది." తన వైరు తానే చుట్టుకుంది. ఆమె వెనకే మేం కూడా సర్దుకున్నాం. ఆటోలో ఆమె ఏడ్చింది. భయపడకు అని పల్లవి ఓదార్చబోతే చెయ్యి తోసేసింది. "బుగులుతోని ఏడుస్తలేను పల్లవీ, కోపంతోని ఏడుస్తున్న" అంది. ఆ ఊరు మమ్మల్ని మళ్లీ పిలవలేదు. పిలవకపోతే పోనీ!

సాలవ్వా, ఇప్పుడు నీ గురించి చెబుతున్నాను. నీకు నా మాట వినిపించకపోవచ్చు. పక్కనున్న చెల్లెలు చెవిలో చెబుతుంది.

సాలవ్వకు కొన్నేళ్లుగా చెవులు సరిగ్గా వినిపించవు. బీడీలు చుట్టి బిడ్డను చదివించింది. బ్యాండు ఆమెకు మొదట నచ్చలేదు. ఒక మధ్యాహ్నం కృప స్పీకరు పెట్టెను తల్లి పక్కకు జరిపి, తల్లి అరచేతిని దాని మీద ఆనించి వాయించింది. నేను గడపలో నిలబడి చూశాను. ముసలమ్మ చెయ్యి తీయలేదు. మరో చేతిని గుండె మీద పెట్టుకుని, "ఓ బిడ్డా, ఇది నాకు ఇనబడ్తున్నది" అంది. పాట వినిపించని తల్లికి, చర్చిలో ప్రసంగం వినిపించని తల్లికి, తన బిడ్డ వాయించింది వినిపించింది! అందరూ వద్దనుకున్న ఆ మోత వినిపించింది! ఇంకా దేనికి పనికిరావాలయ్యా ఒక వాద్యం?

సమాధి అయిన మరునాడు చుట్టాలు ఇంటికి వచ్చి, ఆ గిటారు ఇంట్లో ఉంచొద్దు, అరిష్టం, ఎవరికైనా ఇచ్చెయ్ అన్నారు. మేం కూడా అక్కడే ఉన్నాం. రెండు రోజులుగా గోడకానుకుని కూర్చున్న సాలవ్వ అప్పుడు లేచి నిలబడింది. "నా బిడ్డ సప్పుడు బందు చేసెటందుకు మీరెవరు?" అంది. గిటారు తెచ్చి పల్లవి ఒళ్లో పెట్టింది. "ఇంట్ల వద్దంటున్నరు గద. నువ్వు వాయించు" అంది.

కాబట్టి అందరికీ చెబుతున్నాను. బ్యాండు మూతపడదు. వచ్చే ఆదివారం మహమ్మద్‌నగర్‌లో ఒప్పుకున్న పెళ్లి ఉంది. ఆ ఇంటివాళ్లు పెద్ద మనసుతో "మీకు కష్టమైతె వద్దు తమ్మీ" అన్నారు. వస్తామని చెప్పాం. పల్లవి పాడుతూనే బాస్ వాయిస్తుంది. ఆమెకు ఇంకా సరిగ్గా రాదు. తప్పులు దొర్లుతాయి. తాళం తప్పితే నేను ఆగి అందుకుంటాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. పల్లవి వెనక్కు మాత్రం జరగదు, ముందే నిలబడుతుంది.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. కృపాజ్యోతిని ప్రేమించినవాళ్లు లేవండి. ఆమె వాయిస్తుంటే ఒక్కసారైనా కాలు కదిపినవాళ్లు లేవండి. ఆమె వాయించడం నచ్చనివాళ్లు, ఆ మాట ఊరంతా తిప్పినవాళ్లు ఇక్కడ ఉంటే, మీరూ లేవండి. సాలవ్వా, నువ్వు కూర్చో, నీ కోసం మేం నిలబడతాం. ఫోన్లు ఆపండి. తలలు దించకండి. ఆమె ఎవరి ముందూ దించలేదు. అలాగే, తలెత్తి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం.