మూడో మలుపు బోల్టులు

చమురు పొంగుతున్న ఆ ఏళ్లలో, ఖతార్ స్టాక్ కార్ రేసు పోటీల కొత్త సీజన్ మొదలయ్యే ఉదయం, ట్రాక్ అంచున టైర్ల గోడ కట్టిన ఇద్దరు కరీంనగర్ కూలీలు నీడలో కూర్చున్నారు.

“అన్నా, మూడో మలుపుకాడ ఆఖరి వరుస నువ్వు బిగిచ్చినవా?”

“నేను బోల్టు బిగిచ్చుడు, నువ్వు దాని మీద పచ్చ రంగు పెట్టుడు. రోజూ గంతే గద! రంగున్నదంటే బిగిచ్చినట్టే.”

“నిన్న నువ్వు నీళ్లకు పోయినవ్. క్యాంప్ బస్సు హారన్ కొట్టవట్టె. నువ్వొచ్చి బిగిస్తవని ముందుగాల్నే రంగు పెట్టిన.”

“ఎన్నిటికి?”

“వరుస మొత్తానికి.”

“నేనొచ్చి రంగు చూసిన. నువ్వే బిగిచ్చి రంగు పెట్టినవనుకొని బస్సెక్కిన.”

“ఫోర్మన్‌కు చెప్దామా?”

“చెప్తే ఇద్దర్నీ ఇంటికి పంపుతడు.”

“చెప్పకుంటే? అక్కడ ఎవరు గుద్దుతరో, ఏమో. అసలు గుద్దకపోవచ్చు గద అన్నా.”

“గుద్దుతరనే గద అక్కడ గోడ కట్టిచ్చిన్రు! బిగియ్యని టైర్లు ఎగిరి జనం మీద పడ్తయ్.”

“ఫోర్మన్ జనం కూసునే ఆ పెద్ద స్టాండుకాడున్నడు. నడిస్తే అర్ధగంట.”

“ఆగు. ఏం సప్పుడది?”

“ఇంజన్లు. స్టార్ట్ చేసిన్రన్నా.”

“పానా ఇటియ్యి.”

“మూడో మలుపుకు పోవాల్నంటే ట్రాక్ దాటాలె. కార్లొస్తుంటయ్ గదన్నా!”

“రానియ్యి. బోల్టుల కోసం ఆగరు గని, మనను చూసన్న ఆగుతరు. లే తమ్మీ.”